సినిమాల కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారా? ప్రాసెసర్ కంటే ముందు ప్యానెల్ గురించి అడగండి

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో చేరుతున్న మా చెల్లికి ల్యాప్‌టాప్ కొందామని మొన్నామధ్య సికింద్రాబాద్‌లో నాలుగు షాపులు తిరిగాం. నాన్న చీటీ డబ్బుల్లోంచి 65 వేలు తీసిచ్చారు. ఒక్కసారి కొంటే నాలుగేళ్లు అదే వాడాలి, మధ్యలో మార్చే సీన్ లేదు. నాలుగు షాపుల్లోనూ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఐ5 కావాలా, ఐ7 కావాలా?"

చెల్లి మాత్రం బస్సులోనే నాకు నిజం చెప్పేసింది. "అన్నయ్యా, ఫస్టియర్ కోడింగ్‌కి ఏ ల్యాప్‌టాప్ అయినా చాలట, సీనియర్లు చెప్పారు. హాస్టల్ రూమ్‌లో టీవీ ఉండదు. సినిమాలు, సిరీస్‌లు చూడ్డానికి బాగుండాలి నాకు. ఇది నాన్నకి చెప్పకు."

నాన్నకి చెప్పలేదు కానీ, ఇక్కడ రాసేస్తున్నాను. ఎందుకంటే ల్యాప్‌టాప్ కొనేవాళ్లలో చాలామంది అసలు అవసరం ఇదే. అడగడానికి మొహమాటపడి ప్రాసెసర్ గురించి అడుగుతారు, చివరికి సినిమాకి పనికిరాని స్క్రీన్ ఇంటికి తెచ్చుకుంటారు. నేనూ అలా తెచ్చుకున్నవాడినే.

నాలుగేళ్ల కిందట మొదటి జీతాలు కూడబెట్టి ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. ఐ5 ప్రాసెసర్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, స్పెక్స్‌లో "ఫుల్ హెచ్‌డీ యాంటీ గ్లేర్ డిస్‌ప్లే" అని రాసుంది. ఇంకేం కావాలి అనుకున్నా. ఆ సంక్రాంతికి ఊళ్లో టీవీ పాడైతే ఇంటిల్లిపాదీ నా ల్యాప్‌టాప్ చుట్టూ చేరారు. రాత్రిపూట జరిగే ఫైట్ సీన్ వచ్చింది. నలుపు ఉండాల్సిన చోటంతా బూడిద రంగు. పక్కన కూర్చున్న నాన్నకి మొహాలు ఫోటో నెగెటివ్‌లా కనిపిస్తున్నాయి. వెనక నుంచి పెద్దమ్మ, "ఏరా, ఫైటింగ్ జరుగుతోందా, కరెంట్ పోయిందా?" అంది. ఐ5 తన పని తాను బ్రహ్మాండంగా చేస్తూనే ఉంది. దాని పని అక్కడ ఎవరికీ కనిపించలేదు, అంతే.

ప్రాసెసర్ సంగతి రెండు ముక్కల్లో

వీడియో ప్లే అవుతున్నప్పుడు ప్రాసెసర్ మొత్తం కష్టపడదు. వీడియోని విప్పడానికి చిప్‌లోనే ఒక ప్రత్యేక భాగం ఉంటుంది, దాన్నే హార్డ్‌వేర్ డీకోడర్ అంటారు. అది ఏయే ఫార్మాట్లని అర్థం చేసుకుంటుందన్నదే మనకి ముఖ్యం. హెచ్.264, హెచ్ఈవీసీ, వీపీ9 ఇప్పుడొచ్చే చిప్‌లన్నిటిలోనూ ఉంటాయి. తేడా వచ్చేది ఏవీ1 దగ్గర. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ వాడుతున్న కొత్త ఫార్మాట్ ఇది.

ఇంటెల్‌లో 11వ జనరేషన్ నుంచి ఏవీ1 డీకోడర్ ఉంది. ఏఎమ్‌డీలో రైజెన్ 6000 సిరీస్ నుంచి వచ్చింది, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. రైజెన్ 5 7530యూ లాంటివి పేరులో 7 పెట్టుకున్నా లోపల పాత వేగా గ్రాఫిక్సే, వాటిలో ఏవీ1 లేదు. ఆపిల్‌లో ఎమ్3 నుంచి ఉంది, ఎమ్1, ఎమ్2లలో లేదు. లేకపోతే వీడియో ప్లే అవ్వదని కాదు. ఆ పని మామూలు కోర్‌ల మీద పడుతుంది లేదా సైట్ వేరే ఫార్మాట్ పంపిస్తుంది. కోర్‌ల మీద పడితే ఫ్యాన్ తిరుగుతుంది, బ్యాటరీ కరుగుతుంది.

ఇది చూసుకుంటే చాలు. సినిమాలకి ఈ మధ్య వచ్చిన ఐ3 అయినా, రైజెన్ 3 అయినా ఎక్కువే. ర్యామ్ 8 జీబీతో నడుస్తుంది కానీ, నాలుగేళ్లు వాడాలంటే, పైగా తర్వాత పెంచుకునే వీలు లేకపోతే, 16 తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డ్ కోసం డబ్బు పెట్టొద్దు. బడ్జెట్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 144 హెర్ట్జ్ అని గొప్పగా రాసి, రంగుల విషయంలో నా పాత ల్యాప్‌టాప్ లాంటి ప్యానెలే పెడుతుంటారు.

అసలు కథ స్క్రీన్‌ది

స్పెక్ షీట్‌లో "45% ఎన్‌టీఎస్‌సీ" అని ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఆగండి. అలాంటి ప్యానెల్ ఎస్ఆర్‌జీబీ రంగుల్లో సుమారు 60 నుంచి 65 శాతమే చూపించగలదు. అంటే సినిమాలో ఉన్న రంగుల్లో దాదాపు మూడో వంతు మీదాకా రాదు. ఎర్ర చీర ఇటుక రంగులో, పచ్చటి పొలం వాడిపోయినట్టు కనిపిస్తుంది. కనీసం "100% ఎస్ఆర్‌జీబీ" ఉండాలి. కొన్ని కంపెనీలు దీన్నే "72% ఎన్‌టీఎస్‌సీ" అని రాస్తాయి, రెండూ ఇంచుమించు ఒకటే. "డీసీఐ-పీ3" అని ఉంటే ఇంకా మంచిది, అది థియేటర్ ప్రొజెక్షన్ కోసం పుట్టిన రంగుల కొలత. ఏమీ రాయలేదంటే 45 శాతమే అనుకుని ముందుకెళ్లండి. మంచి ప్యానెల్ పెట్టిన కంపెనీ ఆ ముక్క రాయకుండా ఉండదు.

తర్వాత నలుపు. మన పెద్ద సినిమాలు ఎక్కువగా సినిమాస్కోప్‌లో, అంటే 2.39:1 నిష్పత్తిలో వస్తాయి. ఇప్పుడు ఎక్కువ ల్యాప్‌టాప్‌ల స్క్రీన్ 16:10. లెక్క వేస్తే 14 అంగుళాల 16:10 స్క్రీన్ ఎత్తు 7.4 అంగుళాలు, దాని మీద స్కోప్ సినిమా ఎత్తు సుమారు 5 అంగుళాలు. మిగతా మూడో వంతు స్క్రీన్ పైనా కిందా నల్ల పట్టీలే. సినిమా ఉన్నంతసేపూ అవి కళ్లముందే ఉంటాయి. అవి నిజంగా నల్లగా ఉన్నాయా, బూడిద రంగులో మెరుస్తున్నాయా అన్నది చిన్న విషయం కాదు.

మామూలు ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్ 1000:1 దరిదాపుల్లో ఉంటుంది. 300 నిట్స్ బ్రైట్‌నెస్ పెడితే దాని నలుపు 0.3 నిట్స్ దగ్గర వెలుగుతుంటుంది. గదిలో లైట్ ఆపితే అది స్పష్టంగా కనిపిస్తుంది. ఓఎల్ఈడీలో నల్లగా ఉండాల్సిన పిక్సెల్ ఆరిపోతుంది, అంతే. వెసా సంస్థ ఇచ్చే డిస్‌ప్లే హెచ్‌డీఆర్ ట్రూ బ్లాక్ సర్టిఫికెట్ రావాలంటే నలుపు 0.0005 నిట్స్ దాటకూడదు. ఆ 0.3తో పోలిస్తే 600 రెట్లు తక్కువ. హాస్టల్‌లో లైట్లు ఆపేశాక దుప్పట్లో కూర్చుని చూసేవాళ్లకి ఈ ఒక్క తేడా మిగతా స్పెక్స్ అన్నిటికంటే పెద్దది.

అలాగని ఓఎల్ఈడీ కళ్లు మూసుకుని కొనేది కాదు. చాలావరకు గ్లాసీ స్క్రీన్‌లు, వెనక ట్యూబ్‌లైట్ ఉంటే హీరో మొహం మీద ట్యూబ్‌లైట్ కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు చాలా ఓఎల్ఈడీ స్క్రీన్‌లు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కొంతమందికి దానివల్ల తలనొప్పి వస్తుంది. షాపులో బ్రైట్‌నెస్ తగ్గించి, మీ ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ పెంచి స్క్రీన్ వైపు పెట్టి చూడండి. నల్లటి గీతలు పరిగెడితే అదే. మీ కళ్లు సున్నితమైతే పది నిమిషాలు చూశాకే నిర్ణయించుకోండి. ఇక బర్న్ ఇన్ భయం. సినిమాలతో కంటే రోజంతా ఒకేచోట కదలకుండా ఉండే టాస్క్‌బార్‌తోనే దాని ముప్పు ఎక్కువ. టాస్క్‌బార్‌ని ఆటో హైడ్‌లో పెట్టండి, వాల్‌పేపర్ డార్క్‌గా పెట్టండి.

పగలు కిటికీ పక్కన, వరండాలో చూసేవాళ్లయితే నా సలహా మారుతుంది: 100% ఎస్ఆర్‌జీబీ, 400 నిట్స్ ఉన్న మ్యాట్ ఐపీఎస్ తీసుకోండి. 250 నిట్స్ స్క్రీన్ మీద "హెచ్‌డీఆర్ సపోర్ట్" అని ఉంటే దాన్ని స్టిక్కర్ అనుకోండి చాలు.

సైజు విషయంలో ఒక తమాషా. 15.6 అంగుళాల 16:9 స్క్రీన్ కంటే 16 అంగుళాల 16:10 స్క్రీన్ సినిమాకి పెద్దది అనుకుంటాం. రెండింటి వెడల్పూ 13.6 అంగుళాలే. స్కోప్ సినిమా రెండింటి మీదా ఒకే సైజులో కనిపిస్తుంది, రెండోదాంట్లో నల్ల పట్టీలు మాత్రం పెరుగుతాయి. చదువుకోవడానికి, కోడింగ్‌కి 16:10 మంచిదే. సినిమా కోసమని దానికి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. 4కే కూడా అంతే. చేతి దూరంలో 14 అంగుళాల స్క్రీన్ మీద 2.8కే నుంచి 4కేకి తేడా పట్టుకోవడం కష్టం, బ్యాటరీ మాత్రం తేడా పట్టుకుంటుంది.

రిఫ్రెష్ రేట్ గేమర్లకే అనుకుంటారు కానీ, సినిమాకీ చిన్న లాభం ఉంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే సరిగ్గా పోదు, కాబట్టి 60 హెర్ట్జ్ స్క్రీన్ ఒక ఫ్రేముని రెండుసార్లు, తర్వాతదాన్ని మూడుసార్లు చూపిస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి జరిగే షాట్‌లో వచ్చే సన్నటి కుదుపు దానివల్లే. 120 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేమూ ఐదుసార్లు, 144లో ఆరుసార్లు, లెక్క సమానం. కొన్నాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 120 సెలెక్ట్ అయి ఉందో లేదో చూసుకోండి. 120 స్క్రీన్ కొని ఏళ్ల తరబడి 60లో నడిపినవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు.

ఒకే పేరు, రెండు ప్యానెల్‌లు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఏసుస్ వివోబుక్, లెనోవో ఐడియాప్యాడ్ స్లిమ్ లాంటి సిరీస్‌లలో ఒకే పేరుతో ఓఎల్ఈడీ వేరియంట్లూ వచ్చాయి, 45% ఎన్‌టీఎస్‌సీ వేరియంట్లూ వచ్చాయి. రివ్యూ వీడియోలో ఒకటి చూస్తాం, సేల్‌లో వేరేది ఇంటికి వస్తుంది. బాక్స్ మీదా, ల్యాప్‌టాప్ అడుగునా ఉండే పూర్తి మోడల్ నంబర్ తీసుకుని కంపెనీ సైట్‌లో వెతకండి. లెనోవోకైతే పీఎస్ఆర్ఈఎఫ్ అనే స్పెక్స్ సైట్ ఉంది, నంబర్ కొడితే ప్యానెల్ రకం, నిట్స్, రంగుల శాతం అన్నీ వస్తాయి.

షాపులో కొంటే ఇంకా సులువు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట షాపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకే వీడియోని రెండు మెషీన్ల మీద వెంటవెంటనే చూడొచ్చు. పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన సినిమాలోంచి ఒక రాత్రి సీన్, ఒక పాట, పూర్తిగా నల్లగా ఉండే ఒక ఫోటో పెట్టుకెళ్లండి. షాపువాళ్ల డెమో వీడియోలో ఎప్పుడూ చిలకలూ, పళ్లూ ఉంటాయి, వాటి మీద ఏ స్క్రీన్ అయినా బాగానే ఉంటుంది. నల్ల ఫోటోని ఫుల్ స్క్రీన్ చేసి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, మూలల్లో వెలుగు ఎంత లీక్ అవుతోందో చూడండి. తర్వాత పక్కకి జరిగి, కాస్త పైనుంచీ, కిందనుంచీ చూడండి. మంచం మీద పడుకుని చూసేటప్పుడు మీ కన్ను ఉండేది ఆ కోణంలోనే.

4కే స్క్రీన్ కొన్నా 720పీనే వస్తుందా?

వస్తుంది. స్క్రీన్ మనది, కానీ ఎంత క్వాలిటీ పంపాలన్నది ఓటీటీ నిర్ణయిస్తుంది. మొదట ప్లాన్ చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్ ఇండియాలో 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఫోన్, ట్యాబ్లెట్‌లకే, ల్యాప్‌టాప్‌లో నడవదు. 199 బేసిక్‌లో 720పీ, 499 స్టాండర్డ్‌లో 1080పీ, 649 ప్రీమియంలో 4కే, హెచ్‌డీఆర్. ఈ రేట్లు మారుతుంటాయి, సబ్‌స్క్రైబ్ చేసేముందు ఓసారి చూడండి. రీచార్జ్‌తో ఉచితంగా వచ్చే ఓటీటీ ప్లాన్‌లకి కూడా ఇలాంటి షరతులు ఉంటాయి.

రెండోది బ్రౌజర్. విండోస్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కే కావాలంటే ఎడ్జ్ బ్రౌజర్ లేదా దాని యాప్ వాడాలి. క్రోమ్‌లో చాలాకాలం 720పీ దగ్గరే ఆగేది, ఇప్పుడు 1080పీ వరకు వస్తుంది. కారణం కాపీ రక్షణ. ఎడ్జ్ ఆ పనిని చిప్ స్థాయిలో చేస్తుంది. 4కేకి హెచ్ఈవీసీ సపోర్ట్ కూడా కావాలి. మీకు ఏం వస్తోందో తెలుసుకోవాలంటే, నెట్‌ఫ్లిక్స్ ప్లే అవుతుండగా కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, డి కలిపి నొక్కండి. రిజల్యూషన్, బిట్‌రేట్ స్క్రీన్ మీదే కనిపిస్తాయి. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరిస్తే ఫార్మాట్, డ్రాప్ అయిన ఫ్రేములు తెలుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ దగ్గర "వీడియో డీకోడ్" గ్రాఫ్ కదులుతుంటే హార్డ్‌వేర్ డీకోడర్ పనిచేస్తున్నట్టే.

హాస్టల్ పిల్లలకి ఇంకో మాట. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీకి గంటకి 3 జీబీ వరకు, 4కేకి 7 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టి చూస్తే ఇంటర్వెల్ దాకా కూడా రాకపోవచ్చు. పోనీ వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకుందామంటే, నెట్‌ఫ్లిక్స్ విండోస్ యాప్‌లోంచి 2024లో ఆ ఆప్షన్ తీసేశారు. రైల్లో చూడాలనుకున్నవి ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ప్రయాణంలో చూడటమే మీ ప్రధాన అవసరమైతే, ల్యాప్‌టాప్ బదులు ట్యాబ్లెట్ గురించి ఆలోచించండి.

బ్యాటరీ సంగతి: కంపెనీ చెప్పే "18 గంటలు" పక్కన పెట్టి వాట్ అవర్ అంకె చూడండి. స్ట్రీమింగ్‌లో 10 వాట్లు లాగే మెషీన్‌కి 50 వాట్ అవర్ అంటే 5 గంటలు. పుష్ప 2 ఒక్కటే 3 గంటల 20 నిమిషాలు. ఏడాది వాడాక బ్యాటరీ కాస్త తగ్గుతుంది కూడా. 60 దాటితే నిశ్చింత.

మాట వినపడాలి కదా

స్పీకర్లు సన్నటి ల్యాప్‌టాప్‌లకి ఎప్పుడూ బలహీనతే. ఎక్కువ వాటికి స్పీకర్లు అడుగున ఉంటాయి. టేబుల్ మీద పెడితే సౌండ్ తగిలి పైకి వస్తుంది. పరుపు మీద పెడితే దుప్పటి మింగేస్తుంది. కీబోర్డ్‌కి రెండువైపులా పైకి చూసే స్పీకర్లు ఉంటే మంచం మీద చూసేవాళ్లకి అదే పెద్ద వరం. "డాల్బీ అట్మాస్" స్టిక్కర్ చూసి పొంగిపోకండి, ఆ రెండు చిన్న స్పీకర్ల మీద అది చాలావరకు సాఫ్ట్‌వేర్ పనే. షాపులో పాట పెట్టి కాకుండా మాటలున్న సీన్ పెట్టి వినండి. బీజీఎం మోగుతుండగా డైలాగ్ అర్థమైతే పాస్. ఈ విషయంలో మ్యాక్‌బుక్ ఎయిర్ తన ధరకి తగ్గట్టే ఉంటుంది: నాలుగు స్పీకర్లు, 500 నిట్స్, పీ3 రంగులు. కానీ అది 60 హెర్ట్జ్, ఓఎల్ఈడీ కాదు, మా బడ్జెట్ కూడా కాదు.

ఇంట్లో పెద్ద టీవీ ఉండి, ల్యాప్‌టాప్‌ని దానికి కలిపే చూస్తారంటే ఇప్పటిదాకా స్క్రీన్ గురించి చెప్పిందాంట్లో సగం మీకు అక్కర్లేదు. హెచ్‌డీఎంఐ వెర్షన్ మాత్రం చూసుకోండి. 1.4 అయితే 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

చివరికి మా చెల్లి ముందు రెండు మెషీన్లు మిగిలాయి, ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి ఐ7, 45% ఎన్‌టీఎస్‌సీ. రెండోది ఐ5, 14 అంగుళాల ఓఎల్ఈడీ. షాపతను "రేపు సాఫ్ట్‌వేర్ పెద్దదైతే ఐ7 కావాలమ్మా" అన్నాడు. అతని మాటలో పూర్తిగా తప్పు లేదు, వీడియో ఎడిటింగో, పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేరో వాడే బ్రాంచ్ అయితే నేనూ ఆలోచించేవాడిని. చెల్లి పెన్‌డ్రైవ్ పెట్టి రాత్రి సీన్ రెండింట్లో చూసింది. ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మోడల్ పేరు ఎందుకు చెప్పట్లేదంటారా? మీరు ఇది చదివే టైమ్‌కి అదే పేరుతో వేరే ప్యానెల్ అమ్ముతుండొచ్చు.

ఇంటికి తెచ్చిన రోజే తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు రంగులు ఫుల్ స్క్రీన్‌లో పెట్టి డెడ్ పిక్సెల్స్ చూశాం. రిటర్న్ గడువు లోపల చేయాల్సిన పని అది, తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టమే.

మొన్న హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. రూమ్‌మేట్స్ నలుగురూ ఒకే మంచం మీద చేరి సినిమా చూస్తున్నారట. బొమ్మ అదిరిందట, చివర కూర్చున్న అమ్మాయికి డైలాగ్ వినపడట్లేదట. బ్లూటూత్ స్పీకర్ కొనాలి, రెండు వేలు పంపమంది. బ్లూటూత్‌తో కొన్నిసార్లు పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది, వైర్‌తో కూడా కనెక్ట్ అయ్యేది చూసుకో అన్నాను.